పిల్లల పళ్లకు ఫ్లోరైడ్ వార్నిష్: హన్మకొండలో ఒక క్లినిక్

ఇక్కడ బాగా నచ్చేది డాక్టరమ్మ అడిగే మొదటి ప్రశ్న: "తాగేది బోరు నీళ్లా, భగీరథ నీళ్లా?" అమెరికాలో చాలా చోట్ల పళ్లు పుచ్చకుండా నల్లా నీళ్లలో లీటరుకు 0.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉండేలా కలుపుతారు, అక్కడి దంతవైద్యుల సంఘం దాన్ని సమర్థిస్తుంది. మన దగ్గర కొన్ని బోర్లలో అది 1.5 దాటుతుంది. చిన్నప్పటి నుంచి అవే తాగితే పళ్లకు గోధుమరంగు మరకలు వస్తాయి. అందుకే ఇక్కడ నీళ్లలో కలపడం కన్నా పంటికి పూయడమే మేలు.

వార్నిష్ అంటే పంటి మీద పూసే పూత, ఇందులో ఉండేది 5 శాతం సోడియం ఫ్లోరైడ్. పన్ను తుడిచి, చిన్న బ్రష్‌తో పలుచగా పూస్తారు. ఉమ్మి తగలగానే గట్టిపడుతుంది. మందంగా పూస్తే పెచ్చులుగా ఊడుతుంది. పళ్లు పచ్చగా కనిపిస్తే గాబరా పడొద్దు, మర్నాడు తోమితే పోతుంది. ఆ పూట వేడివి, గట్టివి పెట్టొద్దు. ఆ రాత్రి పళ్లు తోమించొద్దు. 6 నెలలకోసారి చాలు. ఈ జాగ్రత్తలు నోటితో చెప్తారు తప్ప కాగితం ఇవ్వరు, అదొక్కటే లోటు.