మూడు వాట్లు, మూడేళ్లు

ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు నాకు చిక్కే సమయం రాత్రి తొమ్మిదిన్నర తర్వాతే. అప్పటికి పాప నిద్రపోతుంది. గోడకు అవతలివాళ్లు దీపాలు ఆర్పేస్తారు. ఆ వేళలో ఎవరి నిద్రా చెడగొట్టకుండా సాధన చేయడానికి నేను వాడుతున్నది రోలాండ్ వారి మైక్రో క్యూబ్ జీఎక్స్. గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే 3 వాట్ల యాంప్ ఇది, 5 అంగుళాల స్పీకరు, ఒక చేత్తో ఎత్తుకుని ఏ గదిలోకైనా తీసుకువెళ్లగలిగే బరువు. మూడేళ్లుగా దాదాపు ప్రతి రాత్రీ దీని ముందు కూర్చున్నాను.

దీనికి ముందు నా దగ్గర 30 వాట్ల యాంప్ ఒకటి ఉండేది. స్పీకరు 12 అంగుళాలు. పేరు ఇక్కడ అనవసరం. పెద్దదైతే ఎక్కువ కాలం పనికొస్తుందనుకుని తీసుకున్నాను. దాని వాల్యూమ్ నాబ్ సున్నా మీద ఉంటే నిశ్శబ్దం, వెంట్రుకవాసి కదిపితే గది నిండా మోత. ఆ రెంటికీ నడుమ నాకు కావలసిన చోటు లేనే లేదు. గిటార్ మీది వాల్యూమ్ తగ్గించి కొన్నాళ్లు నెట్టుకొచ్చాను. కానీ అలా తగ్గించినప్పుడు తీగ పలుకులోని మెరుపు కూడా తగ్గిపోతుంది. దుప్పటి కప్పి వాయించినట్టుండేది. నాలుగు నెలల్లో సాధన వారానికి రెండు రోజులకు పడిపోయింది. తప్పు నా పట్టుదలదే అనుకున్నాను. కాదు, యాంప్‌దే.

కొత్తవారు ముందుగా వాట్లు చూస్తారు, నేనూ అంతే. వాట్లు సగానికి తగ్గితే శబ్దం సగం కాదు. అది కేవలం 3 డెసిబెల్స్ తేడా, శ్రద్ధగా వింటే తప్ప తెలియదు. మన చెవికి శబ్దం సగమైనట్టు అనిపించాలంటే పవర్ దాదాపు పదో వంతుకు రావాలి. అంటే ఒకే స్పీకరు మీద 30 వాట్ల మోతలో సగం మోత 3 వాట్లకే వస్తుంది. పూర్తిగా పెంచితే ఈ చిన్న పెట్టె కూడా పక్క గదిలో పాపను లేపేస్తుంది. కాబట్టి తక్కువ వాట్లుంటే చాలనుకోవద్దు. అతి తక్కువ శబ్దంలో యాంప్ ఎలా పలుకుతుందో, ఆ శబ్దాన్ని ఎంత సున్నితంగా సరిచేసుకోవచ్చో చూడండి.

ఈ రెండు విషయాల్లోనూ జీఎక్స్ నాకు నచ్చింది. ఇందులో గెయిన్ (ధ్వనిలో గరగర ఎంత ఉండాలో నిర్ణయించేది), వాల్యూమ్‌లతో పాటు మొత్తం శబ్దాన్ని పెంచి తగ్గించే మాస్టర్ అని మరో నాబ్ ఉంది. ముందు మొదటి రెండింటితో పలుకు ఎలా ఉండాలో కుదుర్చుకుని, ఆ తర్వాత మాస్టర్‌తో శబ్దం తగ్గించుకుంటాను. పలుకు స్వభావం చెదరదు. గాజు ట్యూబులతో పనిచేసే పాతకాలపు తరహా యాంపుల్లో అందరూ మెచ్చుకునే ఆ గరగర, ట్యూబులను గట్టిగా పనిచేయించినప్పుడే బాగా వస్తుంది. రాత్రి పదింటికి అది సాధ్యం కాదు. ఇది డిజిటల్ యాంప్ కనుక ఆ గరగరను, అంటే డిస్టార్షన్‌ను, గుసగుస స్థాయిలోనూ ఇవ్వగలదు. ఆ స్థాయిలో ధ్వని కాస్త పలచగా వినిపిస్తుంది, నిజమే. అందులో కొంత మన చెవి స్వభావం. శబ్దం తగ్గేకొద్దీ మంద్ర స్వరాలు చెవికి తక్కువగా అందుతాయని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు చూపించారు. అందుకే ధ్వనిలోని పదును కాస్త తగ్గేలా టోన్ నాబ్‌ను నేను రాత్రిళ్లు కొంచెం ఎడమకు తిప్పి ఉంచుతాను.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. దీన్ని గ్రహించడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. శబ్దం మరీ తగ్గించినా చేయి పాడవుతుంది. మొదట్లో మాస్టర్‌ను వీలైనంత కిందికి దించేవాణ్ణి. అంత తక్కువలో యాంప్ ధ్వని కంటే, పిక్ (తీగ మీటే చిన్న పలక) తగిలినప్పుడు తీగ చేసే టకటకే పైకి వినిపిస్తుంది. నా వాయింపు నాకు వినబడాలని తెలియకుండానే తీగలను బలంగా కొట్టడం అలవాటైంది. ఒక మిత్రుడి ఇంట్లో మామూలు శబ్దంలో వాయించినప్పుడు తెలిసింది: ప్రతి స్వరం కసిరినట్టు వచ్చింది, మెల్లగా మీటడం నా కుడిచేతికి చేతకాలేదు. ఆ అలవాటు వదిలించుకోవడానికి ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు నా కొలత ఇది: యాంప్ ధ్వని తీగ సొంత చప్పుడును కప్పేసేంత ఉండాలి, అంతకు మించకూడదు. ఆ ఒక్క స్థాయిలో హాయిగా పలికే యాంపే ఇంటి సాధనకు మంచి యాంప్.

అంత శబ్దానికీ వీలులేని రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాను. జాక్ గుచ్చగానే స్పీకరు ఆగిపోతుంది. వైరున్నవే వాడండి. చాలా బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో శబ్దం చెవికి చేరేసరికి 100 మిల్లీసెకన్లకు పైనే గడుస్తుంది. అంటే 34 మీటర్ల దూరంలో ఉన్న యాంప్‌ను వింటున్నట్టు. తాళం నిలవదు. చెవులనూ కాపాడుకోవాలి. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినవచ్చని, 90 అయితే 4 గంటలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హెడ్‌ఫోన్స్‌లో మోత పెరుగుతున్న సంగతి మనకు తెలియదు, ఎందుకంటే ఎవరూ వచ్చి తలుపు తట్టరు. ఇంకొకటి, రివర్బ్ (పెద్ద హాల్లో వాయించినట్టు ప్రతిధ్వని ఇచ్చే ఎఫెక్ట్), గెయిన్ బాగా పెంచి హెడ్‌ఫోన్స్‌లో వింటే ఎవరి వాయింపైనా గొప్పగానే ఉంటుంది. వాయించకూడని తీగ మోగుతున్నా ఆ హోరులో తెలియదు. అందుకే మొదటి ఇరవై నిమిషాలు ఏ ఎఫెక్టూ, గరగరా లేకుండా క్లీన్‌లోనే వాయిస్తాను.

శ్రుతి చేసుకోవడానికి ట్యూనర్ ఇందులోనే ఉంది. ఫోన్‌ను వైరుతో కలిపి పాటతో పాటు వాయించుకోవచ్చు. ఆరు ఏఏ బ్యాటరీలతో నడుస్తుంది కనుక కరెంటు పోయినా సాధన ఆగదు.

దీని పరిధి కూడా తెలుసుకుని తీసుకోవాలి. 5 అంగుళాల స్పీకరు నుంచి, అన్నిటికన్నా లావైన ఆరో తీగ ధ్వని గుండెకు తాకదు. బాస్, ట్రెబుల్‌లకు వేర్వేరు నాబ్‌లు లేవు, ఒక్క టోన్ నాబ్‌తోనే సరిపెట్టుకోవాలి. డ్రమ్స్ వాయించేవారి పక్కన ఇది వినబడదు. త్వరలో బృందంతో వాయించే ఆలోచన ఉంటే బాస్ (Boss) అనే కంపెనీ వారి కటానా-50 వంటి యాంపులు చూడండి. అందులో పవర్‌ను 50 నుంచి అర వాట్‌కు దించుకునే స్విచ్ ఉంది.

ఏ యాంప్ కొన్నా నేల మీద మాత్రం పెట్టకండి. కంపనం నేలలోకి దిగి కింది అంతస్తు వారికి చేరుతుంది. పైగా ధ్వనిలోని పదును సూటిగా ముందుకే పోతుంది కాబట్టి, నేల మీది యాంప్ మన చెవికి కాకుండా మోకాళ్లకు పాడుతుంది, మనం శబ్దం పెంచుతాం. నాది చెవి ఎత్తులో, కుర్చీ మీద మడతపెట్టిన దుప్పటిపై ఉంటుంది. అలా మార్చిన రాత్రి మాస్టర్‌ను రెండు గీతలు వెనక్కి తిప్పాను. ఇప్పటికీ అక్కడే ఉంది.