కేడంప్: తువ్వాలు వేసి సీటు ఆపుకుంటే సరిపోదు

మిర్యాలగూడలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లుకు కంప్యూటర్ల పని నేనే చూస్తాను. యాసంగి వడ్లు దిగే రోజుల్లో, గేటు బయట ట్రాక్టర్లు లైను కట్టి ఉండగా, వేబ్రిడ్జి లెక్కలు రాసే లినక్స్ సర్వర్ ఉన్నట్టుండి కెర్నల్ పానిక్ అయ్యేది, అంటే సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ఇక నడవలేనని చేతులెత్తేసేది. రీబూట్ చేస్తే నడిచేది, కానీ లాగ్‌లో ఏమీ దొరకదు. పోయే కెర్నల్‌కు డిస్కులో రాసే ఓపిక ఎక్కడిది?

అందుకే కేడంప్ పెట్టించాను: పానిక్ కాగానే, ముందే పక్కన పెట్టిన మెమరీలో రెండో కెర్నల్ ఒకటి లేచి, పోయిన కెర్నల్ మెమరీని డంప్‌గా, అంటే కాపీగా, దాచిపెడుతుంది. ఉచితమే. నల్లగొండలో ఒక సర్వీసు వాళ్లు వచ్చి ప్యాకేజీ ఎక్కించి, "అయిపోయింది సార్" అని డబ్బులు తీసుకుని వెళ్లిపోయారు. సర్వర్‌ను రీబూట్ చేయనే లేదు. దీనికి మెమరీని బూట్ అయ్యేటప్పుడే పక్కన పెట్టాలి, క్రాష్‌కెర్నల్ అనే ఆప్షన్‌తో. అది లేక తర్వాతి పానిక్‌కు డంపే రాలేదు. వాళ్లకు సున్నా మార్కులు. తర్వాత నేనే కూర్చుని సరిచేశాను, 128 ఎంబీ ఇస్తే రెండో కెర్నల్‌కే మెమరీ చాలలేదు, 256 ఇచ్చాక నడిచింది.

నాకు బాగా నచ్చింది ఆ పక్కన పెట్టిన మెమరీని కాపాడే పద్ధతి. బస్టాండులో హైదరాబాద్ బస్సు రాగానే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకుంటాం కదా, రిజర్వ్ చేయడం అంటే అంతే. మర్యాద ఉన్నవాళ్లు ఆ సీట్లో కూర్చోరు. పానిక్ అయినప్పుడు డివైజులను ఎవరూ ఆపరు, అవి పాత మెమరీలోకి డేటా తోస్తూనే ఉండొచ్చు, అయినా ఈ భాగాన్ని మొదటి కెర్నల్ వాటికి ఎప్పుడూ ఇవ్వలేదు కాబట్టి రెండో కెర్నల్ అక్కడ నిమ్మళంగా లేస్తుంది. కానీ తప్పు పాయింటరుతో (మెమరీ చిరునామాతో) ఎక్కడపడితే అక్కడ రాసే డ్రైవరుకు మర్యాద ఎక్కడిది, తువ్వాలు తీసి పారేసి కూర్చుంటుంది. 2016లో వచ్చిన 4.7 కెర్నల్ నుంచి దీనికి మందు ఉంది: రెండో కెర్నల్‌ను లోడ్ చేశాక ఆ మెమరీ పేజీలను రీడ్-ఓన్లీ (చదవడమే, రాయడం కుదరదు) చేసేస్తారు, ఎవరైనా అందులో రాయబోతే అక్కడికక్కడే ఫాల్ట్ వచ్చి దొంగ దొరికిపోతాడు. అంతకుముందైతే దొంగ తప్పించుకునేవాడు, మనకు మిగిలేది బూట్ కాని క్రాష్ కెర్నల్.

ఇంకో కాపలా కూడా ఉంది. రెండో కెర్నల్‌లోకి దూకే ముందు పర్గేటరీ అనే చిన్న కోడు, లోడ్ చేసినదాన్ని షా-256 అనే వేలిముద్ర లాంటి లెక్కతో సరిచూస్తుంది. తేడా వస్తే ముందుకు పోకుండా అక్కడే ఆగిపోతుంది. మంచిదే, కానీ అప్పుడు మెషీన్ తనంతట తాను రీబూట్ కాదు, రాత్రి రెండింటికైనా ఎవరో వెళ్లి పవర్ బటన్ నొక్కాలి. దీనికి ఒక మార్కు కోత. పెట్టుకునేవాళ్లు సిస్‌ఆర్‌క్యూ అనే కెర్నల్ ఆదేశంతో కావాలని ఒకసారి క్రాష్ చేసి, వార్ క్రాష్ (/var/crash) ఫోల్డరులో డంప్ పడిందో లేదో చూసుకోండి, అదీ సీజన్ లేనప్పుడు.

మా డంప్‌లో దొరికింది వేబ్రిడ్జి ఇండికేటర్‌ను కలిపే పాత సీరియల్ కార్డు డ్రైవరు. దాన్ని పీకేసి యూఎస్‌బీ కేబుల్ పెట్టాక పానిక్ మళ్లీ రాలేదు. సేటుకు మాత్రం ఆ పక్కన పెట్టిన మెమరీ మీద ఇంకా అనుమానమే. "16 జీబీ కొన్నం గదా, ఇండ్ల తక్కువ చూపిస్తుందేంది?" అని మొన్న కూడా అడిగాడు.