హైదరాబాద్‌లో డార్మ్ బెడ్: అద్దె కంటే ముందు ఏరియా

హైదరాబాద్‌లో బ్యాక్‌ప్యాకర్ హాస్టల్ డార్మ్‌లో, అంటే పలువురు కలిసి పడుకునే గదిలో, ఒక బెడ్ మామూలు రోజుల్లో రాత్రికి దాదాపు 500 నుంచి 900 రూపాయల మధ్య దొరుకుతుంది. శుక్ర, శనివారాల్లోనూ, హైటెక్స్‌లో పెద్ద ఎగ్జిబిషన్ ఉన్నప్పుడూ ఇంకాస్త పెరుగుతుంది. చాలామంది ఈ అంకె ఒక్కటే చూసి వంద తక్కువున్న చోట బుక్ చేసేసుకుంటారు. ఆ వంద మొదటి రోజు పొద్దున్నే ఆటోకు పోతుంది. ఈ ఊళ్ళో బస విషయంలో ముందు తేల్చుకోవాల్సింది ఏ మూలన దిగాలన్నదే. అద్దె, ఏసీ, వైఫై అన్నీ ఆ తర్వాత.

బ్యాక్‌ప్యాకర్ హాస్టళ్ళలో ఎక్కువ భాగం పడమటి వైపు, గచ్చిబౌలి, కొండాపూర్, మాదాపూర్‌లలో ఉన్నాయి. కొన్ని జూబ్లీహిల్స్, బంజారాహిల్స్‌లో కనిపిస్తాయి. ఐటీ ఆఫీసులు అటే కాబట్టి ఇంటర్వ్యూలకు వచ్చేవాళ్ళూ, కొత్తగా ఉద్యోగంలో చేరి రూం వెతుక్కునేవాళ్ళూ వీటిని నింపుతారు. చూడాలనుకునే పాతబస్తీ మాత్రం ఊరికి ఆ చివర. చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం అన్నీ గచ్చిబౌలి నుంచి 20 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటాయి. గచ్చిబౌలికి మెట్రో లేదు. దగ్గరి స్టేషన్ రాయదుర్గం, బ్లూ లైన్‌లో ఆఖరిది. అక్కడ ఎక్కి, అమీర్‌పేటలో రెడ్ లైన్‌కు మారి ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్)లో దిగితే ముప్పావుగంట ప్రయాణం. అక్కడి నుంచి సాలార్‌జంగ్‌కు నడిచి వెళ్ళొచ్చు, చార్మినార్‌కు ఆటో తీసుకోవాలి. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ ఇదే దారిలో క్యాబ్ ఎక్కితే గంటన్నర కూడా పడుతుంది. కాబట్టి గచ్చిబౌలిలో దిగినవాళ్ళు పాతబస్తీకి ఒక పూర్తి రోజు కేటాయించి, పొద్దున్నే మెట్రోలో వెళ్ళి, రాత్రి 9 దాటాక మెట్రోలోనే తిరిగి రావడం మేలు. ఆ రోజు శుక్రవారం కాకుండా చూసుకోండి. సాలార్‌జంగ్, చౌమహల్లా రెండింటికీ శుక్రవారమే సెలవు.

గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధుల విషయంలో లెక్క తిరగబడుతుంది. అవి గచ్చిబౌలి వైపు నుంచే దగ్గర, షేక్‌పేట మీదుగా పది కిలోమీటర్ల చిల్లర. మెట్రో లేదు కాబట్టి బస్సో, ఆటోనో. రామోజీ ఫిల్మ్ సిటీ మాత్రం విజయవాడ హైవే మీద ఉంది. గచ్చిబౌలి నుంచి వెళ్ళాలంటే ఊరంతా చుట్టి రావాలి. వచ్చిన పని అదొక్కటే అయితే ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు మామూలు లాడ్జి గది తీసుకోవడమే తెలివైన పని.

బెడ్ ఖాయం చేసుకునే ముందు టికెట్ మీద దిగే స్టేషన్ పేరు మరోసారి చదవండి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలయ్యాక ఇదివరకు సికింద్రాబాద్‌లో ఆగే రైళ్ళు కొన్ని అటు మళ్ళాయి. చర్లపల్లి ఊరికి తూర్పు అంచు, గచ్చిబౌలి పడమటి అంచు. మధ్యలో 30 కిలోమీటర్లకు పైనే. తెల్లవారుజామున క్యాబ్ ఎక్కితే బెడ్ అద్దె కంటే దానికే ఎక్కువవుతుంది. లింగంపల్లి దాకా వచ్చే రైలు దొరికితే పడమటి హాస్టళ్ళకు అదే అనువు. ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో వెళ్ళేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్ వేరు, హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ వేరు. రెంటికీ మధ్య దాదాపు రెండు కిలోమీటర్ల దూరం. హాస్టల్ వాళ్ళు 'హైటెక్ సిటీ స్టేషన్ పక్కనే' అంటే ఆ రెంటిలో ఏ స్టేషనో అడగండి. శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచైతే ఆర్టీసీ పుష్పక్ బస్సులు రాత్రీ పగలూ ఉంటాయి.

అమెరికా వీసా కోసం వచ్చేవాళ్ళకు మాత్రం పడమటి హాస్టళ్ళను మించినవి లేవు. వేలిముద్రల సెంటర్ హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోనే ఉంది. కాన్సులేట్ 2023 మార్చిలో బేగంపేట నుంచి నానక్‌రామ్‌గూడకు మారింది. రెండు అపాయింట్‌మెంట్లూ వేర్వేరు రోజుల్లో పడితే మాదాపూర్, గచ్చిబౌలి మధ్య ఎక్కడున్నా రెండిటికీ దగ్గరే. కాన్సులేట్ లోపలికి ఫోను, బ్యాగు తీసుకెళ్ళనివ్వరు. హాస్టల్ లాకర్‌లో పెట్టేసి కాగితాలతో వెళ్ళొచ్చు. ఫోను వెంట ఉండదు కాబట్టి తిరుగు ఆటోకు చేతిలో నోట్లు ఉంచుకోండి, హాస్టల్ అడ్రసు కాగితం మీద రాసుకోండి.

పాతబస్తీ, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్ చుట్టూ తిరగాలనుకునేవాళ్ళకు అమీర్‌పేట, పంజాగుట్ట, బేగంపేట చుట్టుపక్కల ఏ బెడ్ దొరికినా వదులుకోవద్దు. రెడ్, బ్లూ మెట్రో లైన్లు కలిసేది అమీర్‌పేటలోనే, కాబట్టి ఎటు వెళ్ళాలన్నా అరగంట. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ హాస్టళ్ళు ఇళ్ళుగా బాగుంటాయి, చెట్లూ మేడలూ హాయిగా ఉంటాయి. అయితే మెట్రో స్టేషన్ నుంచి ఎక్కుడూ దిగుడూ రోడ్లు, చాలాచోట్ల ఫుట్‌పాత్ లేదు. మ్యాప్‌లో కిలోమీటరున్నర కనిపించినా వీపు మీద బ్యాగుతో నడిచే దారి కాదు.

మ్యాప్‌లో 'హాస్టల్' అని కొడితే వచ్చేవాటిలో నూటికి తొంభై పీజీలే, అంటే నెలవారీగా ఉండే పేయింగ్ గెస్ట్ హాస్టళ్ళే. అమీర్‌పేట, ఎస్సార్ నగర్, కేపీహెచ్‌బీ, మాదాపూర్ నిండా అవే. అవీ రోజువారీగా బెడ్ ఇస్తాయి, మూడు పూటలా భోజనంతో కలిపి రోజుకు 300 నుంచి 500 దాకా అడుగుతాయి. పరీక్ష రాయడానికో, కోచింగ్ డెమోకో వచ్చి రెండు రాత్రులు ఉండేవాళ్ళకు చవకైన దారి అది. కాకపోతే మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ వేర్వేరు భవనాలు, గేటు రాత్రి పదికో పదిన్నరకో మూస్తారు, దుప్పటి మీరే తెచ్చుకోవాలి, తాళం వేసుకునే చోటు ఉంటుందన్న నమ్మకం లేదు. ల్యాప్‌టాప్ వెంట ఉంటే అటు వెళ్ళకండి.

ఇక బుకింగ్. యాప్‌లో కనిపించే ధర మీద పన్ను చివర్లో కలుస్తుంది. 7,500 రూపాయల లోపు గదులకు 2025 సెప్టెంబరు నుంచి జీఎస్టీ 5 శాతం, అంటే 600 బెడ్‌కు 30 రూపాయలు. యాప్‌లో ధర చూశాక హాస్టల్‌కు నేరుగా ఫోన్ చేయండి. యాప్ కమీషన్ మిగులుతుంది కాబట్టి మూడు రాత్రులు దాటితే తగ్గించేవాళ్ళు ఉంటారు. ఆ ఫోన్‌లోనే మూడు విషయాలు తేల్చుకోవాలి. మొదటిది లోకల్ ఐడీ. ఆధార్‌లో హైదరాబాద్ అడ్రసు ఉంటే చాలా హాస్టళ్ళు బెడ్ ఇవ్వవు, గేటు దగ్గరికి వచ్చాక చెప్తారు. డబ్బు వెనక్కి రావడం అప్పుడు కష్టం. పాన్ కార్డు మీద అడ్రసు ఉండదు కాబట్టి దాన్ని తీసుకోరు. ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సుల్లో ఒకటి ఉండాలి. రెండోది ఏసీ వేళలు. 'ఏసీ డార్మ్' అన్నదాంట్లో చాలాచోట్ల రాత్రి 9 నుంచి పొద్దున 9 దాకానే ఏసీ వేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 డిగ్రీలు దాటే ఊళ్ళో మధ్యాహ్నం గదిలో కూర్చుని పని చేసుకోవాలనుకునేవాళ్ళకు ఇది ముఖ్యం. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తిరుగుతాయి, ఏసీ తిరగదు. వైఫై రూటర్ ఇన్వర్టర్ మీద ఉందో లేదో కూడా అడగండి.

మూడోది చెక్-ఇన్. ఆంధ్ర వైపు నుంచి రాత్రి బయల్దేరే బస్సులూ రైళ్ళూ ఎక్కువగా తెల్లవారి నాలుగు, ఏడు మధ్య దించుతాయి. చెక్-ఇన్ మధ్యాహ్నం 12కో 2కో. మంచి హాస్టల్ బ్యాగు పెట్టుకోనిచ్చి, బాత్రూం వాడుకోనిచ్చి, హాల్లో కూర్చోనిస్తుంది. కొన్ని అర రోజు అద్దె అడుగుతాయి. ఏ సంగతైనా ముందే వాట్సాప్‌లో రాయించుకుంటే రిసెప్షన్‌లో మనిషి మారినా ఇబ్బంది ఉండదు.

బెడ్ దగ్గరికి వెళ్ళగానే బ్యాగు పరుపు మీద పడేయకండి. నేల మీద, టైల్ మీద ఉంచి ముందు నల్లుల కోసం చూడండి. మనుషులు మారే ప్రతి డార్మ్‌కూ ఈ బెడద ఉంది, ఎవరి బ్యాగులోనో వచ్చి చేరతాయి. దుప్పటి తలవైపు మూల ఎత్తి, పరుపు అంచు కుట్టు వెంట ఫోన్ టార్చి వేసి నెమ్మదిగా చూడాలి. పెన్ను మొనతో పెట్టినట్టు నల్లటి చుక్కలు వరసగా ఉంటే, తడి టిష్యూతో ఒకదాన్ని తుడవండి. గోధుమరంగులో పాకితే అది నల్లుల మలమే. ఇనుప బంక్ (మీదొకటి కిందొకటి ఉండే మంచం) అయితే గొట్టాల చివరలు, బోల్టుల చుట్టూ. చెక్క బంక్ అయితే పలకల అతుకులు, స్క్రూ రంధ్రాలు. పక్క బెడ్‌కు మారితే లాభం లేదు, రాత్రికి అవీ మారతాయి. వేరే గదే అడగాలి. 'నిన్ననే స్ప్రే కొట్టించాం' అంటే సరిపోదు. స్ప్రేకు పెద్దవి చచ్చినా గుడ్లు మిగులుతాయి, రెండు వారాలకు మళ్ళీ కొట్టించాల్సిందే.

లాకర్లు రెండు రకాలు: మంచం కింద ఇనుప సొరుగు, గోడకు అల్మారా. తాళం మీరే తెచ్చుకోవాలి. గొళ్ళెం రంధ్రం చిన్నది కాబట్టి ఇంటి తలుపుకు వేసే లావు తాళం పట్టదు. సూట్‌కేసు చిటికెన తాళం పడుతుంది గానీ గట్టిగా లాగితే వస్తుంది. 30 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు, కమ్మీ 5 లేదా 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇత్తడి తాళం దాదాపు అన్నిటికీ సరిపోతుంది. మంచం కింది సొరుగులో 40 లీటర్ల బ్యాక్‌ప్యాక్ పడుతుంది, ట్రాలీ సూట్‌కేసు పట్టదు. కింది బంక్ దొరికితే తీసుకోండి. పై బంక్‌లో ఏసీ గాలి నేరుగా మొహం మీద కొడుతుంది, ఒక్కోచోట చార్జింగ్ పాయింటూ ఉండదు.

నీళ్ళ సంగతి ఎవరూ అడగరు, అందరూ ఇబ్బంది పడతారు. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు చాలా భవనాలు బోరు నీళ్ళ మీదా, ఎండాకాలం ట్యాంకర్ల మీదా నడుస్తాయి. ఉప్పు నీళ్ళకు సబ్బు నురగ రాదు, జుట్టు బరకగా అవుతుంది. 'మంజీరా నీళ్ళు (కుళాయిలో వచ్చే ప్రభుత్వ సరఫరా నీళ్ళు) వస్తాయా?' అని అడిగితే వాళ్ళకు అర్థమవుతుంది. డిసెంబరు, జనవరిలో గీజరు సమస్య ఇంకోటి. చాలా హాస్టళ్ళు నాలుగు పడకగదుల ఇంటిని అద్దెకు తీసుకుని పాతికమందికి బెడ్లు వేసినవే. బాత్రూంలు మాత్రం ఆ ఇంటికి కట్టినన్నే. పదిహేను లీటర్ల గీజరు ఒకరి స్నానానికే ఖాళీ అవుతుంది, మళ్ళీ కాగడానికి ఇరవై నిమిషాలు. అందుకే పొద్దున ఏడూ తొమ్మిదీ మధ్య వరస తప్పదు. ఆరింటికే లేచేవాళ్ళకు బాధ లేదు. ఆరుగురికి ఒక బాత్రూం కంటే తక్కువ ఉన్నచోట బెడ్ ఎంత చవకైనా తీసుకోకపోవడం మంచిది.

ఆడవాళ్ళు ఒంటరిగా వస్తే లేడీస్ డార్మ్‌కు యాభై, వంద ఎక్కువైనా పెట్టడం సబబే. కానీ పేరు ఒక్కటే చూడొద్దు. బాత్రూం ఆ గది లోపలే ఉందా, తలుపుకు లోపలి గడియ ఉందా, రాత్రంతా రిసెప్షన్‌లో మనిషి ఉంటారా అని అడగండి. తెలంగాణ ఆధార్ ఉన్న ఆడవాళ్ళకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఉచితం. 2023 డిసెంబరులో మొదలైన మహాలక్ష్మి పథకం అది. ఆంధ్ర అడ్రసు ఉన్న ఆధార్‌కు వర్తించదు, కండక్టరుతో వాదించి లాభం లేదు.

తిండికి హాస్టల్ కెఫే మీద ఆధారపడొద్దు. గల్లీ చివర టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ, దోశ సగం ధరకే వస్తాయి, వేడిగా ఉంటాయి. మధ్యాహ్నం పీజీలుండే వీధుల్లో కర్రీ పాయింట్లు చూడండి. అన్నం, పప్పు, ఒక కూర విడివిడిగా కవర్లలో కట్టిస్తారు. డార్మ్‌లో తినొద్దు, చీమలు పడతాయి.

బయల్దేరే రోజు చెక్-అవుట్ పది, పదకొండు గంటలకు, బస్సేమో రాత్రికి. బ్యాగు చాలాచోట్ల రాత్రిదాకా ఉచితంగానే ఉంచుతారు, తాళం వేసి ఇవ్వండి. విజయవాడ వైపు ప్రైవేటు బస్సులు చాలావరకు మియాపూర్, కూకట్‌పల్లిలలో జనాన్ని ఎక్కించుకుంటూ ఊరంతా దాటి ఎల్బీ నగర్ చేరడానికి గంటన్నర, రెండు గంటలు తీసుకుంటాయి. గచ్చిబౌలి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వెళ్ళే బస్సులూ కొన్ని ఉన్నాయి. టికెట్ కొనేటప్పుడు బోర్డింగ్ పాయింట్ల వరస ఒకసారి చదివి, మీ హాస్టల్‌కు దగ్గరిది ఎంచుకోండి.