పబ్లిషర్ పెట్టుబడా, జనం చందానా?

కొత్త తరహా వీడియో గేమ్ తయారుచేసేవాళ్లు డబ్బు తెచ్చుకునే ముఖ్యమైన దారుల్లో ఇవి రెండు. పబ్లిషర్, అంటే గేమ్‌కి పెట్టుబడి పెట్టి మార్కెట్లోకి తెచ్చే సంస్థ, డబ్బు విడతలవారీగా ఇస్తుంది. ఒక విడత పని నచ్చక ఆపేస్తే ఆ నెల జీతాలకే టెన్షన్. అసలు మెలిక ఇచ్చిన డబ్బు ఎలా తిరిగి రాబట్టుకోవాలో చెప్పే వసూలు షరతులో ఉంటుంది. 10 లక్షల డాలర్ల అడ్వాన్స్ అనుకుందాం. గేమ్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్ 30 శాతం తీసుకుంటుంది, మిగిలినదాంట్లో మీ వాటా సగం. అడ్వాన్స్‌ను స్టోర్ కోత పోగా మిగిలిన మొత్తం రాబడిలోంచి తిరిగి రాబట్టుకుంటే, దాదాపు 14.3 లక్షల డాలర్ల అమ్మకాల తర్వాత మీ చేతికి డబ్బు మొదలవుతుంది. మీ వాటాలోంచి మాత్రమే అయితే అమ్మకాలు దాదాపు 28.6 లక్షల డాలర్లు దాటాలి! ఒప్పందంలో తేడా ఒక్క వాక్యమే. గేమ్ అమ్ముడుపోకపోతే మాత్రం నష్టం చాలావరకు పబ్లిషర్‌దే.

చందాల్లో తిరిగి కట్టే బాధ లేదు, హక్కులూ మీవే. చందాలు సేకరించే వెబ్‌సైట్ కిక్‌స్టార్టర్‌కి 5 శాతం, పైగా పేమెంట్ చార్జీలు పోతాయి. ముప్పు వేరేచోట ఉంది: డబ్బు ఎక్కువొస్తే ఆశా పెరుగుతుంది. 2012లో డబుల్ ఫైన్ అనే గేమ్ స్టూడియో కిక్‌స్టార్టర్‌లో 4 లక్షల డాలర్లు అడిగితే 33 లక్షలు దాటి వచ్చాయి. గేమ్ పెద్దదైంది, ఆ డబ్బూ చాల్లేదు. 'బ్రోకెన్ ఏజ్' అనే ఆ గేమ్ సగం 2014లో, మిగతాది 2015లో వచ్చింది. మొదటి సగం అమ్మిన డబ్బే రెండోదానికి ఆసరా.

పేరున్న టీమ్‌కే చందాలు నప్పుతాయి. కొత్తవాళ్లయితే పబ్లిషరే మేలు, ఆ వసూలు షరతు లాయర్‌కి చూపించాకే సంతకం పెట్టండి.