అమెరికా ఇంధన శాఖ అణువ్యర్థాల సేవ: రుసుము వసూలైంది, సరుకు కదలలేదు

అణు విద్యుత్ కేంద్రాల్లో వాడేసిన ఇంధనాన్ని తీసుకెళ్లి భూగర్భంలో శాశ్వతంగా భద్రపరిచే బాధ్యతను అమెరికా ఫెడరల్ ప్రభుత్వం 1982 నాటి చట్టంతో తన నెత్తిన వేసుకుంది. ప్రతిఫలంగా అణు కేంద్రాల నుంచి అమ్ముడైన ప్రతి యూనిట్‌కు సెంటులో పదో వంతు రుసుము నిర్ణయించింది. ఆ భారం చివరికి కరెంటు బిల్లుల్లోనే పడింది కాబట్టి, ఇల్లినాయిస్ వంటి రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి బిల్లులు కట్టిన తెలుగువారు కూడా ఈ సేవకు డబ్బు చెల్లించినవారే.

విద్యుత్ కంపెనీలతో 1983లో చేసుకున్న ఒప్పందం ప్రకారం 1998 జనవరి 31 నాటికి ఇంధన శాఖ ఈ సరుకు, అంటే వాడేసిన ఇంధనం, తీసుకోవడం మొదలుపెట్టాలి. గడువు దాటి పాతికేళ్లు గడిచినా ఆ పని మొదలే కాలేదు. నా దృష్టిలో అసలు తప్పు 1987లో జరిగింది. ఇతర స్థలాల పరిశీలనను ఆపేసి, నెవాడాలోని యుక్కా పర్వతం ఒక్కదాన్నే చూడాలని అమెరికా చట్టసభ కాంగ్రెస్ చట్టాన్ని సవరించింది. ఒప్పుకోని రాష్ట్రం మీద రుద్దిన ఆ పథకానికి 2008లో లైసెన్సు దరఖాస్తు పెట్టారు, 2010లో దాన్ని వెనక్కి తీసుకోబోయారు, ఆ తర్వాత నిధులే ఆపేశారు.

భూగర్భ గిడ్డంగి సిద్ధంగా లేకపోయినా ఇంధన శాఖకు బాధ్యత తప్పదని అప్పీళ్ల కోర్టు 1996లోనే తేల్చింది. అప్పటినుంచి, సరుకు తీసుకెళ్లనందుకు విద్యుత్ కంపెనీలకు దక్కుతున్న నష్టపరిహారం వెయ్యి కోట్ల డాలర్లు దాటింది, అదీ సాధారణ పన్నుల సొమ్ములోంచే. వసూలు చేసిన రుసుము మాత్రం వడ్డీతో కలిపి 4,000 కోట్ల డాలర్లకు పైగా నిధిలో పడి ఉంది. అంటే ప్రజలు ఒకే పనికి రెండుసార్లు చెల్లిస్తున్నారు. కోర్టు ఆదేశంతో 2014లో రుసుమును సున్నా చేయడం ఒక్కటే వినియోగదారుకు దక్కిన ఊరట.

మెయిన్ రాష్ట్రంలోని విస్కాసెట్‌ను చూస్తే ఈ వైఫల్యం కళ్లకు కడుతుంది. అక్కడి రియాక్టరు 1997లో మూతపడింది, 2005 నాటికి కూల్చివేత పనులు పూర్తయ్యాయి. మిగిలినవి కాంక్రీటు వేదిక మీద వరసగా నిలబెట్టిన పీపాలు. వాటిలో 60 పీపాల నిండా వాడేసిన ఇంధనమే. లోపల సీలు వేసిన ఉక్కు డబ్బా, చుట్టూ మందపాటి కాంక్రీటు, కింది రంధ్రాల్లోంచి గాలి లోపలికి వెళ్లి వేడిని మోసుకుని పైనుంచి బయటికి వస్తుంది. ఈ నిల్వ పద్ధతి భద్రంగానే నడుస్తోంది, కానీ ఆ ఘనత కాపలా కాస్తున్న కంపెనీది, ఇంధన శాఖది కాదు.

ఫిన్లాండ్ దారి వేరు. అక్కడ యూరాయోకి పురపాలికకు ఇలాంటి గిడ్డంగిని కాదనే హక్కు చట్టంలోనే ఉంది. అయినా పాలకమండలి 2000లో అంగీకరించింది, మరుసటి ఏడాది పార్లమెంటు ఆమోదించింది, నాలుగు వందల మీటర్ల లోతున ‘ఓంకలో’ అనే గిడ్డంగిని తవ్వారు.

అమెరికా సేవకు నేను అయిదుకు ఒక్క మార్కు వేస్తాను. కోర్టులో నిలబడేంత గట్టిగా రాసిన 1983 ఒప్పందానికే ఆ మార్కు. మూతపడిన కేంద్రాల సరుకును ముందు తరలించాలని, స్థానికుల సమ్మతితోనే స్థలం ఎంచుకోవాలని ప్రభుత్వమే వేసిన నిపుణుల సంఘం 2012లో చెప్పింది. రుసుము మళ్లీ మొదలుపెట్టే ఆలోచన ఉంటే, దానికి ముందు విస్కాసెట్ పీపాలు కదలాలి.