మా అమ్మాయి ఫోన్‌లో ఫ్యామిలీ లింక్: పర్లాకిమిడి నుంచి ఒక తల్లి అనుభవం

పోయిన ఏడు రథయాత్రకు ముందు మా అమ్మాయికి ఫోన్ కొన్నాం. పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. కొనడం నాకిష్టం లేదు. కానీ స్కూలు హోంవర్కంతా వాట్సాప్ గ్రూపులో వస్తుంది, అదీ ఒడియాలో. నాది ఆంధ్రలోని టెక్కలి. ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడి కోడలినై పదహారేళ్లయింది, ఒడియా మాట్లాడతాను కానీ చదవాలంటే అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. అందుకని గ్రూపులో ఏం వచ్చిందో చూడమని నా ఫోన్ అమ్మాయికే ఇచ్చేదాన్ని. రాత్రి పది దాకా అది తిరిగి నా చేతికి వచ్చేది కాదు. చివరికి తనకే ఒకటి కొనేశాం.

ఇంట్లో ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలకు లెక్కలు, సైన్సు ట్యూషన్ చెబుతాను. పన్నెండు మంది వస్తారు. వాళ్ల అమ్మలు 'మీ పాప ఫోన్‌లో ఏ ఆప్ పెట్టారు, మాకూ పెట్టండి' అని అడుగుతున్నారు. ఐదుగురి ఇళ్లకు వెళ్లి నేనే పెట్టి వచ్చాను. మిగతావాళ్ల కోసం, ఇంకా ఎవరికైనా పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను.

ఆ ఆప్ పేరు ఫ్యామిలీ లింక్, పిల్లల ఫోన్ వాడకానికి తల్లిదండ్రులు హద్దులు పెట్టుకునేందుకు గూగుల్ వాళ్లు చేసింది. కానీ నేను మొదట పెట్టింది అది కాదు. అంతకుముందు డబ్బు కట్టి వేరే ఆప్ కొన్నాను. దాని పేరు రాయను. పిల్లలు పంపే, పిల్లలకు వచ్చే మెసేజీలన్నీ చూసి, ప్రమాదం అనిపించే మాట దొరికితే తల్లికి కబురు పంపుతుందన్నారు. పిల్లలకు తెలియకుండా పెట్టుకోవచ్చని కూడా అన్నారు. అలాగే తెలియకుండా పెట్టాను. అందుకు ఈ రోజుకీ బాధపడుతున్నాను.

ఆ ఆప్ పంపిన మొదటి హెచ్చరిక, సైన్సు నోట్సులో ఉన్న 'కిల్' అన్న మాట గురించి. దోమల మందు పాఠం అది. తర్వాత రోజుకు రెండు మూడు అలాంటివే వచ్చేవి. చూసి చూసి విసుగొచ్చి, చూడటం తగ్గించాను. ఆ రోజుల్లోనే ఒక ఆటలో పరిచయమైన అబ్బాయి ఎవరో మా అమ్మాయి వాట్సాప్‌కి వచ్చాడు. బరంపురంలో ప్లస్ టూ చదువుతున్నానని చెప్పుకున్నాడట. మొదట్లో లెక్కలు, క్రికెట్టు. ఆ తర్వాత 'ఒక ఫోటో పంపు, ఎవరికీ చూపించను, ఇంట్లో చెప్పకు' అని వారం రోజులు అడిగాడు. సగం తెలుగు, సగం ఒడియా, రాసిందంతా ఇంగ్లీషు అక్షరాల్లో. ఆప్‌కి ఒక్క ముక్క అందలేదు. నాకు ఒక్క కబురూ రాలేదు.

అమ్మాయి ఫోటో పంపలేదు. పాతపట్నంలో ఉన్న మేనత్తకు ఫోన్ చేసి చెప్పుకుంది. మా ఆడపడుచు నాకు చెప్పింది. నాకెందుకు చెప్పలేదని అడిగితే, 'చెబితే ఫోన్ లాక్కుంటావు కదా' అంది. ఆ మాటకే నోట మాట రాలేదు నాకు. అప్పుడు దాచిపెట్టిన ఆప్ సంగతి ఒప్పుకున్నాను. 'ఏటమ్మా ఇది? నా మెసేజీలన్నీ చదివావా? మరి చదివి కూడా వాడి గురించి ఏమీ చెయ్యలేదా?' అని ఏడ్చింది. నేను చదవలేదని, ఆ ఆప్‌కి మన మాటలు రావని చెప్పినా చాలాసేపు నమ్మలేదు.

ఇది మా పిల్ల ఒక్కదాని సంగతి కాదు. మా సరిహద్దు పిల్లలందరూ రాసేది ఇలాగే. ఎస్సెమ్మెస్ రోజుల్లో ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఒక మెసేజీలో 160 పట్టేవి. తెలుగు లిపిలోనో ఒడియా లిపిలోనో రాస్తే 70తో సరి. నా కాలేజీ రోజుల్లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కుక్కడం అలా అలవాటైంది. ఇప్పుడు ఆ లెక్క లేకపోయినా అలవాటు మిగిలింది, దాంట్లో ఒడియా, హిందీ కూడా కలిశాయి. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. మాట్లాడే భాషనే రాయాలని ఆయన జీవితమంతా పోరాడారు. పిల్లలు మాట్లాడినట్టే రాస్తే నాకు కోపం లేదు, ముద్దుగానే ఉంటుంది. కానీ ఆ రాతలో మంచేదో చెడేదో తేల్చి చెబుతానని ఏ ఆప్ అయినా అంటే, డబ్బు కట్టే ముందు మీ పిల్లల మెసేజీ ఒకటి చూపించి అడగండి.

ఫ్యామిలీ లింక్ పిల్లల మెసేజీలు చదవదు. ఫోన్‌లో మాటలు వినదు. నేను దీన్ని ఎంచుకోవడానికి అదే మొదటి కారణం. 2017లో వచ్చింది, పైసా కట్టక్కర్లేదు. దసరా సెలవుల్లో ఇద్దరం పక్కపక్కన కూర్చుని పెట్టుకున్నాం. పదమూడేళ్లు దాటిన పిల్లల ఖాతాకు కలపాలంటే పిల్లలు కూడా ఒప్పుకోవాలి. ఏమేం కనిపిస్తాయో, ఏమేం కనిపించవో వాళ్లకే చూపిస్తుంది. మా అమ్మాయి ప్రతి లైనూ చదివింది. 'మెసేజీలు కనిపించవు' అన్న చోట ఆగి నా వైపు చూసి, అప్పుడు ఒప్పుకుంది.

పెట్టేటప్పుడు ఎక్కువ మంది ఇరుక్కునేది పుట్టిన తేదీ దగ్గర. నేను వెళ్లిన ఐదిళ్లలో మూడిళ్ల పిల్లల జీమెయిల్‌లో పుట్టిన ఏడు తప్పు. ఫోన్ కొన్నచోట తొందరగా పని అయిపోవాలని 1998 అనో 2000 అనో వేసి ఇచ్చేశారు. గూగుల్ లెక్కలో ఆ పిల్లలు పెద్దవాళ్లు, ఇక ఫ్యామిలీ లింక్ కలవదు. ఖాతా సెట్టింగుల్లోకి వెళ్లి అసలు తేదీ పెట్టాకే పనైంది. ఇన్‌స్టాగ్రామ్‌కీ ఇదే వర్తిస్తుంది. వాళ్లు టీనేజీ పిల్లల కోసం 2024లో మొదలుపెట్టిన టీన్ ఖాతాలను 2025 ఫిబ్రవరిలో మన దేశానికీ ప్రకటించారు. వాటిలో పిల్లల ఖాతా ముందే ప్రైవేటుగా ఉంటుంది, ముక్కూమొహం తెలియనివాళ్లు మెసేజీ పెట్టలేరు, పదహారేళ్ల లోపు వాళ్లు ఆ కట్టుబాట్లు సడలించాలంటే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. వయసు అబద్ధం చెప్పిన ఖాతాకు ఈ కాపుదల అందకపోవచ్చు. ఏ ఆప్ పెట్టినా పెట్టకపోయినా, ఈ రోజు ఇంటికెళ్లి పిల్లల ఖాతాలో పుట్టిన ఏడు ఒక్కటి చూడండి.

నాకు బాగా పనికొచ్చింది రాత్రి వేళ ఫోన్ మూసేసే ఏర్పాటు. మాకు తొమ్మిదిన్నర. ఆ టైమ్ దాటితే ఫోన్ లాక్ పడుతుంది, ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం ఎత్తవచ్చు. పొద్దున్న ఆరుకు తెరుచుకుంటుంది. ట్యూషన్ పిల్లల మధ్య జరిగిన గొడవల్లో నా దాకా వచ్చినవన్నీ రాత్రి పదిన్నర తర్వాత మొదలైనవే. 'చూసి కూడా రిప్లై ఇవ్వలేదు', 'నా స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టింది', 'నన్ను గ్రూపులోంచి తీసేశారు'. నిద్ర మత్తులో ఒకరు ఒక మాట అంటారు, పొద్దున్నకి పదిమంది చూసేసి ఉంటారు. తొమ్మిదిన్నరకి ఫోన్ మూతపడితే మా అమ్మాయి ఆ గొడవలు పొద్దున్న చదువుతోంది. అప్పటికి సగం చల్లారిపోయి ఉంటాయి. మొదటి వారం గింజుకుంది. తర్వాత తనే స్నేహితురాళ్లతో 'మా అమ్మ లాక్ పెట్టింది, రేపు మాట్లాడదాం' అనడం విన్నాను. రాత్రి జవాబు ఇవ్వకపోవడానికి ఒక సాకు దొరికినట్టయింది తనకి.

కొత్త ఆప్ వేసుకోవాలంటే నాకు అడుగుతూ కబురొస్తుంది. ఇప్పటిదాకా ఏడు అడిగింది, రెండు కాదన్నాను. కాదన్న రెండూ కొత్తవాళ్లతో మాట్లాడించే ఆటలే. ఎందుకు కాదన్నానో కూర్చోబెట్టి చెప్పాను. ఫోన్ ఎక్కడుందో మ్యాప్‌లో చూపించే సదుపాయం కూడా ఉంది. అది వాడటం మానేశాను. మహేంద్రతనయ వంతెన దగ్గర ఐదు నిమిషాలు చుక్క కదలకపోతే నాకు టెన్షన్ పట్టుకునేది. తీరా చూస్తే చాట్ బండి దగ్గర ఆగి ఉండేది. పాతపట్నం అత్తింటికి ఒంటరిగా వెళ్లే రోజు మాత్రం, తనకు చెప్పి చూస్తాను.

దీని పరిధి ఎంతవరకో కూడా చెప్పాలి. వాట్సాప్ లోపల ఎవరితో ఏం మాట్లాడుతున్నారో దీనికి సంబంధం లేదు. వాట్సాప్‌కి రోజుకు ఇన్ని నిమిషాలని కట్టేస్తే హోంవర్కు ఆగిపోతుంది. ఎప్పుడూ తెరిచి ఉంచితే చాటింగ్ ఆగదు. దీనికి నా దగ్గర మందు లేదు. స్కూలు హోంవర్కు రాత్రి తొమ్మిదికి పంపినన్నాళ్లు ఉండదు కూడా. ఇంకొకటి, ఇంట్లో రెండో ఫోన్ ఉంటే తాళం వేసిన తలుపు పక్కన కిటికీ తెరిచినట్టే. మా అత్తగారి ఫోన్ రాత్రి పదింటికి మా అమ్మాయి దుప్పటిలో దొరికింది. నాన్నమ్మ పాపం అడిగితే కాదనలేదు. ఇప్పుడు ఇంట్లో నాలుగు ఫోన్లూ హాల్లో అల్మారా మీదే ఛార్జింగ్. మా ఆయనది, నాది కూడా.

వాట్సాప్ లోపల చేసుకోవాల్సినవి మేమే చేసుకున్నాం, పావుగంట పని. గ్రూపుల్లో ఎవరు పడితే వాళ్లు చేర్చకుండా 'నా కాంటాక్ట్స్' అని పెట్టాం. తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేశాం, అది 2023లో వచ్చింది. ఖాతా ఎవరూ ఎత్తుకుపోకుండా ఆరంకెల పిన్ పెట్టాం. డీపీ కాంటాక్టుల్లో ఉన్నవాళ్లకే కనిపిస్తుంది.

ఆ బరంపురం వాడిని బ్లాక్ చేసే ముందు స్క్రీన్‌షాట్లు తీసి దాచాం. ముందే బ్లాక్ చేసి చాట్ చెరిపేస్తే రేపు ఫిర్యాదుకు ఏమీ మిగలదు. ఏ పిల్ల ఫోటో అయినా వెళ్లిపోయి ఉంటే, తల్లులూ, ముందు పిల్లను కొట్టకండి, తిట్టకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. ఆన్‌లైన్ మోసాలకు 1930, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టవచ్చు. పద్దెనిమిదేళ్ల లోపు తీసిన నగ్న, అర్ధనగ్న ఫోటోలు వ్యాపించకుండా ఆపడానికి టేక్ ఇట్ డౌన్ అని ఉచిత సేవ ఉంది. ఫోటో మన ఫోన్ దాటదు, ఆ ఫోటోను బట్టి తయారయ్యే అంకెల గుర్తు ఒకటి మాత్రం వెళ్తుంది. ఇందులో చేరిన కంపెనీలు ఆ గుర్తును బట్టి ఫోటోను పట్టుకుని తీసేస్తాయి.

ట్యూషన్ విషయానికొస్తే, గుమ్మం పక్కన వెదురు బుట్ట ఒకటి పెట్టాను. సాయంత్రం ఐదుకి పన్నెండు ఫోన్లూ అందులోకి వెళ్తాయి. పాఠం మధ్య మెసేజీ చూసిన పిల్లవాడి మనసు మళ్లీ లెక్క మీదికి రావడానికి 20 నిమిషాల దాకా పట్టవచ్చని 2023లో వచ్చిన యునెస్కో నివేదికలో ఉంది. నా దగ్గర అంతకన్నా ఎక్కువే పడుతోందనిపిస్తుంది. కానీ పూర్తిగా వద్దనలేదు. గుండె ఎలా కొట్టుకుంటుందో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదానికీ, వీడియోలో కవాటాలు తెరుచుకుని మూసుకోవడం చూపించేదానికీ చాలా తేడా ఉంది. అలాంటి రోజు బుట్టలోంచి మూడు ఫోన్లు బయటికి వస్తాయి, నలుగురికి ఒకటి. 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా స్కూళ్లలో ఫోన్‌ను మొత్తంగా నిషేధించడం కుదిరే పని కాదని, పాఠానికి అడ్డు రాకుండా నియమాలు పెట్టుకోవాలని చెప్పింది. చదివినప్పుడు నా బుట్ట గుర్తొచ్చి సంతోషించాను. ఫ్యామిలీ లింక్‌లో స్కూల్ టైమ్ అని 2025లో కొత్తగా చేర్చారు. ఆ వేళలో మనం ఒప్పుకున్న ఆప్‌లే తెరుచుకుంటాయి. మా అమ్మాయికి ట్యూషన్ గంటలకు అది పెట్టాను.

ఫ్యామిలీ లింక్‌కి ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. పిల్లలతో ముందు మాట్లాడి, వాళ్ల ఎదుటే పెట్టే ఇంటికి నాలుగు. దొంగచాటుగా నిఘా పెట్టాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు.

నిన్న రాత్రి తొమ్మిది ఇరవైకి మా అమ్మాయి అరగంట ఎక్కువ టైమ్ ఇమ్మని అడిగింది. లెక్కల టెస్టు ఉంది, స్నేహితురాలు నోట్సు ఫోటోలు తీసి పంపుతోందట. ఇచ్చాను. పదికి పది నిమిషాలుండగా ఫోన్ తెచ్చి నాన్నమ్మ ఫోన్ పక్కన ఛార్జింగ్ పెట్టి, పెన్సిలు చెక్కుకుంటూ వెళ్లిపోయింది.