ఇంజన్ ఆగితే ముందుకా, వెనక్కా?

గుంటూరు పక్కన లాం దగ్గర మిరప చేలో డ్రోన్‌తో మందు కొడుతుంటే గట్టు మీద కూర్చున్న మామయ్య అడిగాడు. "అమెరికాలో విమానాలతో కొడతారంట గదరా. పైకి లేస్తుండగానే ఇంజన్ ఆగిపోతే? వెనక్కి తిప్పుకొని, లేచిన రన్‌వే మీదే దింపుకుంటే పోలా?"

వినడానికి అదే తెలివైన పనిలా ఉంటుంది. వెనక చదునైన రన్‌వే, ముందు చేలు, తాటిచెట్లు, కరెంటు తీగలు. కానీ లెక్క వేస్తే కథ మారిపోతుంది.

గంటకు 140 కిలోమీటర్ల వేగంతో, 45 డిగ్రీలు ఒరిగి తిరిగితే సగం చుట్టుకే 12 సెకన్లు పడుతుంది. అప్పటికి ముక్కు వెనక్కి తిరుగుతుందేగానీ, విమానం రన్‌వేకి 300 మీటర్లు పక్కన ఉంటుంది. అంటే ఇంకా తిరగాలి. బరువు మీదున్న విమానం ఇంజన్ లేకుండా అంతసేపు గాలిలో నిలవదు. 200 అడుగుల ఎత్తులో ఆగిందంటే ఆ తిరుగుడు పూర్తయ్యేలోపే నేల వచ్చేస్తుంది. పైగా టేకాఫ్ గాలికి ఎదురుగా చేస్తారు కాబట్టి, వెనక్కొస్తే అదే గాలి వెనకనుంచి తోస్తుంది.

వీటన్నిటికంటే చెడ్డది స్టాల్, అంటే వేగం ఒక హద్దు (స్టాల్ వేగం) కంటే తగ్గి రెక్కలు విమానాన్ని మోయలేకపోవడం. 45 డిగ్రీలు ఒరిగి ఎత్తు నిలబెట్టుకోవాలని చూస్తే స్టాల్ వేగం 19 శాతం పెరుగుతుంది. నేల దగ్గర పడేకొద్దీ చెయ్యి తనంతట తనే స్టిక్‌ని (విమానం ముక్కుని పైకీ కిందికీ తిప్పే కర్రని) వెనక్కి లాగుతుంది. ఒక రెక్క ముందు స్టాల్ అయిందా, విమానం ఒక్కసారిగా ఆ వైపు పల్టీ కొడుతుంది. తేరుకోవడానికి కింద ఎత్తుండదు.

అందుకే నా ఓటు ముందుకే. ముక్కు దించి వేగం కాపాడుకోవాలి, మందు ట్యాంకు ఖాళీ చేయాలి. ఎయిర్ ట్రాక్టర్ 502బి అనే మందు కొట్టే విమానం ట్యాంకులో దాదాపు 1,890 లీటర్లు పడతాయి, విమానం గరిష్ఠ బరువేమో 4,260 కిలోలు. ట్యాంకు కింది తలుపు తెరిస్తే ఆ బరువంతా కొద్ది సెకన్లలో పోతుంది, స్టాల్ వేగం పాతిక శాతం దాకా తగ్గుతుంది. బరువు పోగానే ముక్కు పైకి లేవాలని చూస్తుంది, దాన్ని తొక్కిపట్టాలి.

"అంత మందూ పారబోయడమేనా!" అన్నాడు మామయ్య. ఆయనకి పైలట్ కంటే మందు ఖర్చే ముందు గుర్తొచ్చింది. ఈ ఏడు తామరపురుగుకి పెట్టిన డబ్బు అలాంటిది మరి.

ముందుకంటే కళ్ళు మూసుకుని తిన్నగా కాదు. అటూ ఇటూ కాస్త ఒంపు తీసుకోవచ్చు. మన చేలే అనుకుంటే, ఎండిన శనగ చేను దొరికితే అదృష్టం, సాళ్ళ వెంబడి దింపాలి. మిరప చేనైతే మొక్కలు విరిగినా వేగాన్ని తింటుంది. నీళ్ళు పెట్టిన వరి మడి మెత్తగా కనిపిస్తుందిగానీ, చక్రాలు దిగబడి విమానం బోర్లా పడుతుంది. తీగలుంటే అసలు అటు చూడొద్దు. ఈ విమానాల్లో మందు ట్యాంకు పైలట్‌కి ముందు ఉండేది ఇందుకే, గుద్దుకున్నా ఆ బరువు ఆయన మీద పడదు. మన హెచ్ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) 1970ల్లో చేసిన బసంత్ విమానం కూడా అలాంటిదే.

వెనక్కి తిప్పడం తప్పే అనను. చాలినంత ఎత్తుంటే తిప్పొచ్చు. కానీ మందు కొట్టేవాళ్ళు ఆ ఎత్తుకి పోయేదే అరుదు.

డ్రోన్‌కి లోపల మనిషి లేడు గనక పీకులాట తక్కువ, అయినా తప్పు అదే. లేవగానే మోటారు శబ్దం తేడాగా వస్తే కొత్తవాళ్ళు టెన్షన్‌లో, బయల్దేరిన చోటికి రప్పించే రిటర్న్ బటన్ నొక్కుతారు. చాలా డ్రోన్లు ముందు సెట్ చేసిన ఎత్తుకి లేచి, అప్పుడు వెనక్కొస్తాయి. అంటే నిండు ట్యాంకుతో కూలీల నెత్తి మీదుగా! ఉన్నచోటే దింపేయడం మేలు, నాలుగు మిరప మొక్కలు పోతే పోయాయి.

మామయ్య లేచొచ్చి, ఆ బటన్ ఏదో చూపించమన్నాడు. చూసి, "నీ బొటనవేలు దానికి ఇంత దగ్గరగా ఎందుకుందిరా?" అన్నాడు.